ఖానే సియాహ్ అస్త్ : దృశ్యం, నాదం, వ్యాఖ్యానం

డాక్యుమెంటరీ చిత్రమనగానే మన ప్రాంతంలో ఒక వయస్సు దాటినవారందరికీ గుర్తు వచ్చేది ఒకటే. సినిమాహాలులో అసలు కథ మొదలయ్యేముందు ఫిల్మ్స్ డివిజన్ వారి చిత్రం ఒకటి వేసేవారు. తెరపై ఆనకట్ట కనిపించేది. ఇది ఆనకట్ట అని ఒక గంభీర కంఠం చెప్పేది. వెనుక వాద్యబృందం ఆ ఆనకట్ట ఎంత గొప్పదో చాటేది. జనం ఆ వ్యవధిలో సోడాలకు, వేరుసెనగకాయలకు బయటికి వెళ్ళేవారు. అందుకు వారిని తప్పుపట్టలేము. కన్ను చూచినదాన్నే చెవికి చెప్పి, చెవి విన్నదాన్నే వాద్యంతో మళ్ళీ మ్రోగిస్తే, ప్రేక్షకునికి చేయడానికి పనేమీ మిగలదు.

మా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవారికి మరొక రకం చిత్రం కూడా తెలుసు. కుష్ఠువ్యాధి ఒకప్పుడు ఎక్కువగా ఉండిన ప్రాంతాలలో మావీ ఉన్నాయి. సాలూరులోని ఫిలడెల్ఫియా కుష్ఠు ఆసుపత్రి పేరు ఈ తట్టు పాతతరం వారికి బాగా తెలుసు. నా చిన్నతనంలో ఎవరో ప్రచారానికి వచ్చి, బడి గోడకు తెల్లదుప్పటి కట్టి ఒక బొమ్మ చూపించారు. స్పర్శ లేని మచ్చ, వంకరపోయిన వేలు, వెనుక ఏడుపు రాగం, చివర భయపడవద్దనే మాట. ఆ రాగం విన్న తర్వాత భయపడకుండా ఉండటం ఎవరివల్ల అవుతుంది? మరునాటినుండి మా వీధిలో పెద్దరోగం వచ్చిన ముసలాయన కనిపిస్తే చాలు, పిల్లలమంతా ఆ రాగాన్నే ఈలవేస్తూ పరుగెత్తేవాళ్ళం. బొమ్మ చెప్పదలచిన మాట ఒకటి, మాకు నేర్పినది మరొకటి.

ఈ రెండు రకాలకూ చేరని చిత్రం ఒకదాన్ని గూర్చి ఇక్కడ వ్రాయదలచాను. ఇరాన్ కవయిత్రి ఫోరూగ్ ఫర్రుఖ్‌జాద్ 1962లో తీసిన 'ఖానే సియాహ్ అస్త్'. ఇల్లు నల్లగా ఉందని స్థూలంగా అర్థం. తబ్రీజ్ నగరానికి సమీపంలో బాబాబాగీ అనే కుష్ఠురోగుల నివాసంలో 12 రోజులలో చిత్రీకరణ ముగించారు. నిడివి సుమారు 20 నిమిషాలు మాత్రమే. కుష్ఠురోగుల సహాయార్థం ఏర్పడిన సంఘం కోసం ఇబ్రాహీం గులిస్తాన్ దీనిని నిర్మించాడు. ఛాయాగ్రహణం సులేమాన్ మీనాసియన్‌ది. కూర్పు ఫోరూగ్ స్వయంగా చేసుకుంది. పశ్చిమ జర్మనీలోని ఓబర్‌హౌజెన్ చిత్రోత్సవంలో బహుమతి పొందిన ఈ చిత్రం తర్వాత ఆమె మరొకటి తీయలేదు. 1967లో, 32 ఏళ్ళ వయస్సులో, కారు ప్రమాదంలో మరణించింది.

నాకు ఈ చిత్రంతో ఏర్పడిన సంబంధం అనువాదకుని సంబంధం. ఎచ్చెర్లలో విశ్వవిద్యాలయం ఉన్నందున చుట్టుపక్కల గదులు అద్దెకు తీసుకొని చదువుకునే విద్యార్థులు ఎక్కువ. వారిలో కొందరు ఒక మిత్రుని మేడమీద అప్పుడప్పుడు మంచి చిత్రాలు వేసుకుని చూస్తారు. ఈ చిత్రం తెరపై నడుస్తుండగా వ్యాఖ్యానాన్ని తెలుగులో చదివి వినిపించమని నన్ను కోరారు. మదరసాలో సాదీ గులిస్తాన్, బోస్తాన్ చదివి నేర్చుకున్న ఫార్సీ నాది. టెహరాన్ ఉచ్చారణ చెవికి పట్టడానికి వారం రోజులు పట్టింది. ఒక సౌకర్యం మాత్రం ఉంది. ఫార్సీలో కూడ మన తెలుగులో వలెనే క్రియ వాక్యం చివర వస్తుంది. అందువల్ల మాటల వరుస దృశ్యాల వరుసతో ఇంచుమించు కలిసిపోతుంది. ఆంగ్లం నుండి తెచ్చేటప్పుడు ఈ సుఖం ఉండదు.

చిత్రం చీకటితో ప్రారంభమవుతుంది. తెరపై ఏమీ లేదు. గులిస్తాన్ కంఠం వినిపిస్తుంది. ప్రపంచంలో వికారం తక్కువేమీ కాదని, మనిషి కళ్ళు మూసుకుంటే అది ఇంకా పెరిగేదని, ఇప్పుడు మీరు చూడబోయేది అటువంటి వికారపు చిత్రమని, దానిని తుడిచివేయడానికే ఈ ప్రయత్నమని ఆ మాటల సారాంశం. మాట అంటున్నది చూడమని, తెర చూపుతున్నది శూన్యం. ఈ వ్యవధిలో ప్రేక్షకుడు తన మనస్సులో తానే ఒక భయంకరమైన బొమ్మను కల్పించుకుంటాడు. తర్వాత తెర వెలుగుతుంది. ఒక స్త్రీ అద్దంలో తన ముఖం చూచుకుంటూ ఉంటుంది. కెమెరా మెల్లగా దగ్గరికి జరుగుతుంది. వ్యాఖ్యానం లేదు. మనం చూడటానికి జంకుతున్న ముఖాన్ని ఆమె రోజూ చూచుకుంటున్నదే! చూడమని మనకు చెప్పిన కంఠం ఇక్కడ మౌనం వహించడంలోనే ఉంది నేర్పంతా. ఆ చోట ఒక్క వాక్యం చెప్పినా ఆమె మనిషి కాక ఉదాహరణ అయిపోయేది.

తరువాతి దృశ్యం తరగతి గది. పిల్లలు పాఠ్యపుస్తకంలోని కృతజ్ఞతా ప్రార్థన చదువుతుంటారు. పని చేయడానికి చేతులిచ్చినందుకు, అందాన్ని చూడటానికి కళ్ళిచ్చినందుకు, నడవడానికి కాళ్ళిచ్చినందుకు సృష్టికర్తకు షుక్ర్. మన మక్తబులలో పిల్లలు చదివేదీ ఇటువంటిదే. చదివే కంఠాలు అందరు పిల్లల కంఠాల వంటివే, కాస్త విసుగు, కాస్త రాగం. ఆ పుస్తకాన్ని పట్టుకున్న చేతులు, దానిని చదివే కళ్ళు మాత్రం తెరపై వేరొక సంగతి చెబుతుంటాయి. ఇది ఎత్తిపొడుపు అని కొందరంటారు. నేను ఒప్పుకోను. ఎత్తిపొడవదలచినవారు పిల్లల ముఖాలపై అంతసేపు నిలిచి ఉండరు. ఆ పిల్లల షుక్ర్ అబద్ధమని చిత్రం ఎక్కడా అనదు. అది ఎంత ఖరీదైనదో చూపుతుంది, అంతే.

ఇక చిత్రంలో రెండు కంఠాలున్నాయి. ఒకటి గులిస్తాన్‌ది, వైద్యుని కంఠం వంటిది. ఈ వ్యాధి వంశపారంపర్యం కాదని, పేదరికం ఉన్నచోట ఉంటుందని, నరాలకు, చర్మానికి ఏమి చేస్తుందో లెక్క చెప్పినట్లు చెబుతుంది. నయం కానిది కాదు అన్న మాటను రెండుసార్లు అంటుంది. తెరపై చికిత్స దృశ్యాలు వరుసగా నడుస్తాయి. రెండవది ఫోరూగ్ కంఠం. అది ప్రార్థించే కంఠం. పాత నిబంధనలోని కీర్తనలు, విలాపాలు, దివ్య ఖుర్ఆన్ మాటలు, ఆమె సొంత కవిత అందులో కలిసి వస్తాయి. అంటే మన పరిభాషలో దావూద్ (అలై) గారి జబూర్ వాసన, అయ్యూబ్ (అలై) గారి వేదన దానికి ఉన్నాయి. ఈ రెండు కంఠాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. వైద్యుడు ప్రార్థనను ఖండించడు, ప్రార్థించేవారు వైద్యుని పిలవరు. రెండిటికీ నడుమ ఉన్న ఖాళీలో రోగి బ్రతుకుతూ ఉంటాడు. ఇరవై నిమిషాలలో ఇంత చోటు మిగల్చగలిగిన చిత్రాలు అరుదు.

వైద్యుని కంఠం ఆనాడు ధైర్యంగానే పలికిందనాలి. 1962లో ప్రధానంగా డాప్సోన్ మాత్రలే దిక్కు, అవీ ఏళ్ళ తరబడి. రిఫాంపిసిన్, క్లోఫాజిమిన్ కూడ కలిపి ఇచ్చే బహుళ ఔషధ చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది 1981లో. మా ఉత్తరాంధ్రలో వేలాది కుటుంబాలను అది నిలబెట్టింది. అయితే చట్టం మందు కంటే నెమ్మదిగా నడిచింది. 1939 నాటి ముస్లిం వివాహ రద్దు చట్టంలో భర్తకు కుష్ఠు ఉండటం ఒక కారణంగా 2019 దాకా నిలిచే ఉంది. ప్రపంచంలో ఏటా కొత్తగా బయటపడే కేసులలో సగానికి పైగా నేటికీ మన దేశంలోనివే. కనుక ఇది ఇరాన్‌కు చెందిన పాత చిత్రమని పక్కన పెట్టడానికి వీలులేదు.

సంగీతం విషయానికి వస్తాను. ప్రదర్శనకు వచ్చిన మౌలానా మిత్రులు ఒకరు చిత్రం ముగియగానే అభ్యంతరం తెలిపారు. దైవ వాక్యాన్ని బొమ్మలతో, వాద్యంతో కలపవచ్చునా అని. ప్రశ్న తేలికది కాదు. వాద్యాన్ని గూర్చి మన ఫుఖహాలలో ఏకాభిప్రాయం లేదన్నది పాఠకులకు విదితమే. ఇబ్నె హజ్మ్ నిషేధపు హదీసుల ప్రామాణ్యాన్నే శంకించారు. ఇమాం గజాలీ ఇహ్యాలో సమా కోసం ఒక ప్రకరణమే కేటాయించి, వినేవాడి హృదయాన్నిబట్టి తీర్పు చెప్పారు. నిషేధించినవారు సైతం పెళ్ళిలో దఫ్‌ను అనుమతించారు. అయితే మౌలానాగారికి నేను చెప్పినది ఈ శాస్త్రచర్చ కాదు. ఈ చిత్రంలో వాద్యం ఎక్కడ ఉందో ఒకసారి మళ్ళీ చూడమన్నాను. అది రోగుల వేడుకలో ఉంది. వాళ్ళు పెళ్ళి చేసుకుంటున్నారు, వాళ్ళే సందడి చేస్తున్నారు. మనకు జాలి పుట్టించడానికి వెనుకనుండి ఎవరో వాయించే ఏడుపు రాగం కాదది. మసీదు దృశ్యంలో వేళ్ళు లేని చేతులు దుఆకు లేస్తాయి. అక్కడ దుఆయే వినిపిస్తుంది.

తక్కిన చిత్రానికంతా లయ మరొకచోటునుండి వస్తుంది. ఒక మనిషి గోడవెంట అటూ ఇటూ నడుస్తుంటాడు. ఫోరూగ్ కంఠం వారాల పేర్లు ఒక్కొక్కటే పలుకుతుంది. షంబే, యక్‌షంబే, దోషంబే... ఆఖరీ చహార్‌షంబా తెలిసిన మన పాఠకులకు దీని రహస్యం వెంటనే తెలుస్తుంది. ఫార్సీలో వారాలకు అంకెలే పేర్లు. వారం పలకడమంటే లెక్కపెట్టడమే. జైలులో గోడమీద గీతలు గీసినట్లు అడుగు అడుగుకూ ఒక అంకె పడుతుంది. షంబే, జుమా మాత్రమే అంకె లేని పేర్లు. నా తెలుగులో శనివారం, ఆదివారం, సోమవారం అని చదివితే అది రైల్వే టైంటేబులు చదివినట్లయింది. గ్రహాల పేర్లలో లెక్క లేదు మరి. రెండవసారి చదివినపుడు ఆ చోట నేను నోరు మూసుకున్నాను. ఆమె కంఠమే, ఫార్సీలోనే, వినిపించనిచ్చాను. ఎవరికీ అర్థం కాకపోలేదు.

రెండవసారి అన్నాను. మొదటిసారి జరిగిన పొరపాటు చెప్పకపోతే ఈ వ్యాసం వ్రాయడంలో అర్థం లేదు. ఖుర్ఆన్‌ను తొలిసారి తెలుగు చేసిన చిలుకూరి నారాయణరావు గారు మా ఉత్తరాంధ్రవారే. ఆ నేలమీద అనువాదం చేస్తూ అమానత్‌ను మరచిపోవడం చిన్న విషయం కాదు.

ప్రదర్శన రోజున ముందు వరుసలో ఒక పెద్దాయన కూర్చున్నారు. మేమంతా చాచా అంటాం. నలభై ఏళ్ళ క్రితం చికిత్స పొంది పూర్తిగా నయమైనవారు. వేళ్ళు మాత్రం తిరిగి రాలేదు. నా చిన్నతనంలో మేము ఈలవేసి పరుగెత్తింది ఈయనను చూచే. అప్పట్లో ఆయన నమాజుకు వస్తే చెప్పులు విడిచే చోటికి దగ్గరగా, చివరి వరుసకు కూడ వెనుక నిలబడేవారు. వజూ చేయడానికి ఆయన లోటా వేరు. ఎవరూ వెళ్ళమనలేదు, ఎవరూ ముందుకు రమ్మనలేదు. సింహాన్ని చూచి పారిపోయినట్లు కుష్ఠురోగినుండి దూరంగా ఉండమన్న హదీసును పెద్దలు వల్లించేవారు. దైవప్రవక్త (సల్లం) కుష్ఠురోగి చేయి పట్టుకొని తమ పళ్ళెంలోనే పెట్టించి, దేవునిపై భారంతో తినమన్న హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనాన్ని నేను మదరసాకు వెళ్ళేదాకా వినలేదు. రెండవదాని సనదు బలహీనమని హదీసువేత్తలన్నది నిజమే. కాని హజ్రత్ ఉమర్ (రజి) బైతుల్ మాల్ పని చూచిన ముఐఖీబ్ (రజి) గారికి ఈ వ్యాధి ఉండేదని, ఖలీఫా ఆయనతో కలిసి భోజనం చేశారని కూడ గ్రంథాలలో ఉంది. మా పెద్దలకు ఏది ఎక్కువ సౌకర్యమో అది గుర్తుండిపోయింది.

ఆ చాచా ఎదుట కూర్చుండగా, మొదటి వాక్యంలోని 'జిష్తీ' అనే మాటను వికారం అని చదవడానికి నాకు నోరు రాలేదు. వేదన అని చదివాను. ప్రపంచంలో వేదన తక్కువేమీ కాదు. వినడానికి బాగానే ఉంది. ఎవరికీ నొప్పి కలగలేదు. అద్దం ముందు స్త్రీ కనిపించినపుడు మౌనం భరించలేక, ఈమె తన దుఃఖాన్ని చూచుకుంటున్నదని ఒక వాక్యం నా సొంతంగా చేర్చాను కూడా.

చిత్రం చివరలో మళ్ళీ తరగతి గది వస్తుంది. దానికి ముందు చేతికర్రలతో ఒక మనిషి చెట్ల బాటలో మనవైపు నడిచివస్తాడు. వచ్చి వచ్చి అతని దేహమే తెరను నింపి చీకటి చేస్తుంది. ఆ చీకటినుండి తరగతి గది. ఉపాధ్యాయుడు ప్రశ్నలు వేస్తాడు. తల్లిదండ్రులున్నందుకు దేవునికి ఎందుకు కృతజ్ఞత చెప్పాలని ఒకనిని అడిగితే, తెలియదు, నాకు ఇద్దరూ లేరంటాడు. అందమైనవి నాలుగు చెప్పమంటే ఇంకొకడు చంద్రుడు, సూర్యుడు, పువ్వు, ఆట అంటాడు. వికారమైనవి చెప్పమంటే మరొకడు కాస్త ఆలోచించి చెయ్యి, కాలు, తల అంటాడు. తరగతి అంతా ఫక్కున నవ్వుతుంది.

ఇక్కడి ప్రశ్నలో ఉన్నదీ మొదటి వాక్యంలో ఉన్నదీ ఒకే మాట, 'జిష్త్'. చీకటిలో ఒక పెద్దమనిషి గంభీరంగా పలికిన మాటను చివరికి ఒక పిల్లవాడు తీసుకొని, తన శరీరంమీదనే వేళాకోళం చేసి, దాని కోర ఊడబెరికాడు. ఇదే చిత్రం కట్టుబడిలోని మూలస్తంభం. మొదట వ్యాఖ్యానం విసిరినదాన్ని చివర దృశ్యం పట్టుకుంటుంది. నేను మొదట ఆ మాట తీసివేశాను గనుక ఇక్కడ కూడ సరిచేసుకుంటూ, నచ్చనివి చెప్పమన్నాడని చదివాను. తెరమీద పిల్లలు నవ్వారు. మేడమీద ఒక్కరూ నవ్వలేదు. రహదారి మీద లారీల మోత తప్ప ఏమీ లేదు. ఒక విద్యార్థిని కళ్ళు తుడుచుకున్నది. నేను కూడ ఆ సమయానికి నా పని బాగానే చేశాననుకున్నాను.

దీపం వేసిన తర్వాత చాచా నావైపు తిరిగి, "ఏటి బాబూ, ఆ పిల్లలంతా అలగ నవ్వినారు, మీరెవలూ నవ్వనేదేటి?" అన్నారు. మరేదో మర్యాదగా చెప్పబోయాను. "ఏటన్నాడో సరిగ్గా సెప్పు" అన్నారు. చెప్పాను. ఫార్సీ మాటకు అసలు తెలుగు మాట ఏదో కూడ చెప్పాను. ఆయన ఒక క్షణం తన చేతులవైపు చూచుకున్నారు. తర్వాత ఆయన నవ్విన నవ్వుకు మేడ క్రింద వీధికుక్క మొరిగింది.

వారం తర్వాత ఆ చిత్రాన్నే మళ్ళీ వేశాం. ఈసారి వికారం వికారంగానే చదివాను. అద్దం దగ్గర నోరు మెదపలేదు. ఎంతసేపు మౌనంగా ఉండాలో ముందే కాగితంమీద గీసి పెట్టుకున్నాను. ఫార్సీ కంటే తెలుగు వాక్యం పొడుగు కనుక, తరువాతి దృశ్యం మీదికి పొర్లిపోయిన మాటలన్నీ కత్తిరించాను. అనువాదం మూడోవంతు తగ్గింది, చిత్రం పెరిగింది. తరగతి గదిలో పిల్లవాడు జవాబు చెప్పగానే చాచా ముందు నవ్వారు, ఆయన వెనుక అందరూ.

లోటు లేని చిత్రమని నేననను. ఇందులో ఎవరికీ పేరు లేదు. ఇన్ని ముఖాలను ఇంత దగ్గరగా చూపిన చిత్రం, అద్దం ముందు స్త్రీ ఎవరో, గోడవెంట నడిచేవాడు ఎవరో మనకు చెప్పదు. ఫోరూగ్ కంఠం వారి తరఫున ప్రార్థిస్తుంది, బాగానే ప్రార్థిస్తుంది, కాని వారు తమంతట తాము మాట్లాడే చోట్లు ఆ తరగతి గది వంటివి కొన్నే. ఆ కొన్నింటిలోనే చిత్రానికి ప్రాణమంతా ఉండటం గమనించదగినది. దివ్య ఖుర్ఆన్‌లో అయ్యూబ్ (అలై) గారి గాథ కొద్ది వాక్యాలే, కాని అందులో ఆయన తన కష్టాన్ని తన నోటితోనే ప్రభువుకు విన్నవించుకుంటారు.

ముగింపులో ఉపాధ్యాయుడు ఒకనిని పిలిచి, 'ఖానే', అనగా ఇల్లు, అన్న మాటతో వాక్యం వ్రాయమంటాడు. అతడు నల్లబల్ల ముందు నిలబడి ఆలోచిస్తాడు. ఈలోగా తెరపై నివాసపు జనమంతా మనవైపు నడిచి వస్తుంటే, వారి ముఖానే తలుపు మూసుకుంటుంది. తలుపుమీద 'జుజామ్‌ఖానే' అని వ్రాసి ఉంటుంది. దవాఖానా, కార్ఖానా అని రోజూ పలికే మనకు ఆ ఖానా తెలిసినదే. పిల్లవానికి ఇచ్చిన మాట ఆ తలుపుమీదనే ఉంది! అతడు వ్రాసే ఇల్లు, మనం మూసిన తలుపు రెండూ ఒకే మాట. దీనిని ఏ వ్యాఖ్యాత చెప్పడు, ఏ వాద్యమూ మోగదు, అక్షరమే దృశ్యమై చెబుతుంది. తెలుగులో కుష్ఠురోగుల ఆశ్రమం అన్నామా, ఆ ముడి తెగిపోతుంది. నేను ఆ తలుపు బోర్డును ఉర్దూలో ఉన్నట్లే చదివి, ఇల్లు అన్న మాట వద్ద ఖానా అని ఒకసారి అనేసి ఊరుకున్నాను. అంతకంటే ఉపాయం తోచలేదు. నలుపు సంగతీ అంతే. ఫార్సీలో 'సియాహ్' అంటే దుఃఖం, దురదృష్టం కూడ. మన నలుపు అంత బరువు మోయదు, కాని నల్లబల్లమీద తెల్లసుద్దతో ఆ వాక్యం వ్రాస్తున్న చెయ్యి తెరమీద కనిపిస్తుంది కనుక మోయకపోయినా ఫరవాలేదు.

రెండవ ప్రదర్శన ముగిసిన తర్వాత విద్యార్థులు ఆ పిల్లల సంగతి అడిగారు. చిత్రీకరణ ముగించి వెళ్ళేటప్పుడు ఫోరూగ్ ఆ నివాసంలోని ఒక బాలుని, హుసేన్ మన్సూరీని, తల్లిదండ్రుల అనుమతితో పెంచుకోవడానికి తీసుకువెళ్ళింది. చంద్రుడు, సూర్యుడు, పువ్వు, ఆట అన్న బాలుడు అతడే. పెద్దవాడై జర్మనీలో స్థిరపడి కవి, అనువాదకుడు అయ్యాడు. అతనిని గూర్చి 2007లో అక్కడ ఒక డాక్యుమెంటరీ వచ్చింది, దాని పేరు కూడ ఆ నాలుగు మాటలే. ఇదంతా చెప్పాను. అనువాదకుడు అయ్యాడన్నచోట నా గొంతులో కొంచెం గర్వం కూడ వినిపించి ఉంటుంది.

చాచా మెట్లు దిగడానికి లేచి, గోడ పట్టుకుని ఆగారు. "అందమైనవి సెప్పినోడి సంగతి సెప్పినావు. మరి సెయ్యి, కాలు అన్నోడో?" అన్నారు.